ముందు పొయ్యి ఉందో లేదో అడగండి: ఆకలి తీర్చే దానం ఎక్కడ, ఎలా ఇవ్వాలి

ఇంట్లో పెద్దవాళ్ల సంవత్సరీకమో, బిడ్డ మొదటి పుట్టినరోజో దగ్గర పడుతుంది. పదివేలో ఇరవై వేలో పక్కన పెడతాం. "నలుగురికి అన్నం పెడదాం" అనేదాకా ఇంటిల్లిపాదిదీ ఒకే మాట. చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. గుడిలో కట్టాలా, ఆశ్రమానికి వెళ్లి వడ్డించాలా, ఫోన్‌లో కనిపించిన సంస్థకు పంపాలా? ఎక్కడ ఇచ్చినా పుణ్యమే కదా అని చివరికి దగ్గర్లో ఉన్నదానికి ఇచ్చేస్తాం. పుణ్యం లెక్క నాకు తెలియదు. ఆకలి లెక్క చూస్తే మాత్రం అదే పదివేలు ఒకచోట ఒక పూటకే అయిపోతాయి, ఇంకోచోట ఒక మనిషిని ఏడాది పాటు నిలబెడతాయి.

మన రెండు రాష్ట్రాల్లో ఆకలి ఏ రూపంలో ఉందో ముందు చూడాలి. 2013 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం కార్డున్న ఇంట్లో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం, అంత్యోదయ కార్డుంటే ఇంటికి 35 కిలోలు రావాలి. 2023 జనవరి నుంచి అది పూర్తిగా ఉచితం. తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అంటే కార్డున్న ఇంట్లో బియ్యానికి అంత కటకట లేదు. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు ఎదగనివాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. 15–49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. కంచంలో అన్నం ఉంది, దాని పక్కన ఉండాల్సిన పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర లేవు.

ఇది ఒక రకం ఆకలి. రెండో రకం, వండుకునే చోటే లేనివాళ్లది. ఆస్పత్రి వరండాలో పడుకునే రోగి బంధువులు, పని దొరకని రోజున అడ్డా మీదే మిగిలిపోయే కూలీలు, బస్టాండ్లలో బతికేవాళ్లు, చెయ్యి కాలు ఆడక వంట మానేసిన ఒంటరి ముసలివాళ్లు. వీళ్లకు కిలో కందిపప్పు ఇస్తే ఏం చేసుకుంటారు?

అందుకే ఎవరైనా సలహా అడిగితే నేను మొదట అడిగేది ఒకటే: మీరు పెట్టాలనుకున్న మనిషికి పొయ్యి ఉందా? ఉంటే సరుకులు ఇవ్వండి, అదీ నెలనెలా. లేకపోతే వండిన అన్నం ఇవ్వండి, అదీ ఎవరూ పెట్టని పూట. కింద చెప్పేదంతా ఈ ప్రశ్న చుట్టూ చెప్పేదే.

గుడి అన్నదానం

తిరుమలలో నిత్యాన్నదానం 1985లో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైంది. ఇప్పుడక్కడ ఒక రోజు మొత్తం అన్నప్రసాద వితరణకు దాత ఇవ్వాల్సిన మొత్తం 44 లక్షల రూపాయలు. చిన్న మొత్తాలూ తీసుకుంటారు. శుభ్రత, క్రమం, వేళ తప్పని వడ్డన, వీటిలో దేశంలోనే పెద్ద వంటశాలల్లో అదొకటి. మొక్కు ఉంటే నిశ్చింతగా కట్టండి.

కానీ అక్కడి పంక్తిలో కూర్చునేది యాత్రికులు. వాళ్లలో నిరుపేదలు ఉంటారు, నాలాగా మీలాగా ఇంటి దగ్గర లోటు లేనివాళ్లూ ఉంటారు. అది దేవుడి ప్రసాదం, అందరికీ సమానంగా అందాలి, అందులో తప్పేమీ లేదు. మీ ఊళ్లో పస్తున్నవాడి ఆకలి తీర్చాలన్నది మీ ఉద్దేశమైతే మాత్రం అది వేరే పని, వేరే చిరునామా. భక్తికి గుడిలో కొంత, ఆకలికి బయట కొంత అని రెండుగా పంచుకుంటే మనసుకూ సరిపోతుంది. ఊరి గుళ్లో జరిగే అన్నదానం సంగతి కొంచెం వేరు. చుట్టుపక్కల కూలి జనం వచ్చి తినే గుడి అయితే అది పొయ్యి లేనివాళ్లకు పెట్టినట్టే. ఒక మధ్యాహ్నం వెళ్లి పంక్తిలో ఎవరు కూర్చుంటున్నారో చూసి రండి.

ఐదు రూపాయల క్యాంటీన్లు

హైదరాబాద్‌లో నగరపాలక సంస్థ 2014లో ఐదు రూపాయల భోజనం మొదలుపెట్టింది. అవే 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లయ్యాయి, ఐదు రూపాయలకే టిఫినూ చేరింది. ఒక్కో భోజనానికి అయ్యే ఖర్చు సుమారు 30 రూపాయలు, తినేవాళ్లు ఇచ్చే ఐదు పోగా మిగతాది కార్పొరేషన్ భరిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు 2018లో వచ్చి, 2019లో మూతపడి, 2024 ఆగస్టు 15న గుడివాడతో మళ్లీ తెరుచుకున్నాయి. వీటికి విరాళాలూ తీసుకుంటారు.

ఈ పద్ధతిలో నాకు నచ్చేది మర్యాద. ఐదు రూపాయలిచ్చి తినేవాడు ఎవరి ముందూ చెయ్యి చాచడు. ఖర్చు పరంగా కూడా విడిగా కేటరింగ్‌కు చెప్పి పొట్లాలు కట్టించేకంటే ఇది చవక. లోపం కూడా స్పష్టమే: క్యాంటీన్ పట్నంలో ఉంటుంది, వేళ ప్రకారం ఉంటుంది, అక్కడిదాకా నడిచి రాగలిగినవాళ్లకే ఉంటుంది. ప్రభుత్వం మారితే ఏమవుతుందో 2019లో చూశాం. మీ ఊళ్లో క్యాంటీన్ ఉంటే సొంతంగా ఇంకో వంట పెట్టే ముందు అక్కడికి వెళ్లి ఏ పూట జనం మిగిలిపోతున్నారో, ఆదివారం తెరుస్తున్నారో లేదో కనుక్కోండి. మీ అన్నం ఆ ఖాళీలోకి వెళ్లాలి.

ఆస్పత్రి గేటు

వండిన అన్నం ఇవ్వాలనుకునేవాళ్లకు నేను మొదట చూపించేది ప్రభుత్వాసుపత్రినే. మంచం మీదున్న రోగికి ఆస్పత్రి భోజనం వస్తుంది. పక్కన ఉన్న భార్యకో కొడుక్కో రాదు. విశాఖ కేజీహెచ్‌కు ఏజెన్సీ నుంచి వస్తారు, వరంగల్ ఎంజీఎంకు చుట్టుపక్కల జిల్లాల నుంచి వస్తారు. తెచ్చుకున్న డబ్బులు మందులకూ ఆటోలకూ పోతాయి. చాలామంది రోగి వదిలేసిన అన్నమే తిని సరిపెట్టుకుంటారు. హైదరాబాద్‌లో ఈ అవస్థ గుర్తించే 2022 మే నెలలో 18 పెద్దాసుపత్రుల్లో అటెండెంట్లకు మూడు పూటలా ఐదు రూపాయల భోజనం మొదలుపెట్టారు. జిల్లా ఆస్పత్రుల్లో చాలాచోట్ల ఇప్పటికీ దాతలే దిక్కు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా ఆస్పత్రి గేటు ముందు పులిహోర పొట్లాలు, బిర్యానీ పొట్లాలు రెండు మూడు బళ్ల మీద వస్తుంటాయి. రాత్రి ఎనిమిదికి ఎవరూ ఉండరు. తెల్లవారి టిఫినుకూ ఉండరు. మీకు వీలుంటే రాత్రి పూట పెట్టండి. విందు భోజనం అక్కర్లేదు. చపాతీ, పప్పు, ఒక అరటిపండు చాలు. పసిపిల్లల వార్డు దగ్గరైతే బాలింతలు తినగలిగేలా కారం తగ్గించండి. ఆస్పత్రి సూపరింటెండెంట్ ఆఫీసులో ముందుగా చెప్పి అనుమతి తీసుకుంటే చోటు, నీళ్లు, చెత్త సంగతి వాళ్లే చూసుకుంటారు.

ఒక మనిషి పూనుకుంటే ఎంత జరుగుతుందో చూడాలనుకుంటే హైదరాబాద్‌లో దబీర్‌పురా ఫ్లైఓవర్ కిందికి వెళ్లండి. అజహర్ మక్సూసీ 2012లో ఆకలితో ఏడుస్తున్న ఒక స్త్రీని అక్కడ చూసి అన్నం పెట్టడం మొదలుపెట్టారు, అది రోజువారీ భోజనంగా నిలిచిపోయింది. నూట యాభై ఏళ్ల కిందట కోనసీమ లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు చేసిందీ అలాంటి పనే. వేళాపాళా లేకుండా, గోదావరి దాటి వచ్చిన బాటసారికి కులం అడగకుండా వడ్డించారు. ఇద్దరిలోనూ నాకు పెద్దగా కనిపించేది రోజూ పెట్టడం. అలా రోజూ జరుగుతున్న చోటు మీ ఊళ్లో ఉంటే, కొత్తది మొదలుపెట్టకుండా దానికి నెలకో బియ్యం బస్తా, పప్పు మూట పంపండి.

పెళ్లిలో మిగిలిన భోజనం

డబ్బు ఖర్చు లేకుండా ఎక్కువమందికి అన్నం చేరే దారి ఇది. ఎక్కువ పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. ఢిల్లీలో 2014లో పుట్టిన రాబిన్ హుడ్ ఆర్మీ వాలంటీర్లు హైదరాబాద్ సహా చాలా నగరాల్లో ఉన్నారు. వాళ్లు డబ్బు తీసుకోరు, మిగిలిన ఆహారం తీసుకెళ్లి పంచుతారు. మిగిలిన ఆహారాన్ని ఎలా సేకరించాలి, ఎలా పంచాలి అన్నదానికి ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2019లో నిబంధనలు చేసింది, 2020 జూలై నుంచి అవి అమల్లో ఉన్నాయి.

రాత్రి పదకొండున్నరకు, బఫే అంతా అయ్యాక, "చాలా మిగిలింది, వచ్చి తీసుకెళ్లండి" అని ఫోన్ చేస్తే ఆ అన్నం చాలాసార్లు ఎవరికీ పనికిరాదు. ఏడింటికి వండింది మూత తీసి నాలుగు గంటలు బయట ఉంటే, మన ఎండల్లో అది పంచదగ్గ తిండి కాదు. వండిన పదార్థం చెయ్యి పెట్టలేనంత వేడిగా, 60 డిగ్రీల పైన ఉండాలి, లేదా ఫ్రిజ్‌లో ఉండాలి. మామూలు గది వేడిలో రెండు గంటలు దాటనివ్వకూడదు. అన్నం చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ అందులో పెరిగే సూక్ష్మజీవుల విషం మళ్లీ వేడి చేసినా పోదు.

కాబట్టి పెళ్లికి వారం ముందే సంస్థకు చెప్పండి. వంట మాస్టరుకూ చెప్పండి: వడ్డనకు తీయని గిన్నెలు మూతపెట్టి పక్కన ఉంచాలని, భోజనాలు సగం అయ్యేసరికి ఎంత మిగిలేట్టుందో అంచనా చెప్పాలని. కొబ్బరి చట్నీ, పెరుగన్నం, పాలతో చేసిన తీపి, కోసిన పళ్ల ముక్కలు ఇవ్వొద్దు. పులిహోర, బూంది లడ్డు, గారెలు, పొడికూరలు కొంచెం నిలుస్తాయి. సాంబారు, పప్పు ఇస్తే గంటలో పంచేయాలి. అతిథుల ముందు తెరిచి పెట్టిన ట్రేలోది, ఎవరి ఆకులోంచి తీసిందీ ఎప్పుడూ ఇవ్వకండి. తీసుకునేవాడు పేదవాడు, వాడికి వాంతులు పట్టుకుంటే మరుసటి రోజు కూలి పోతుంది, ఆస్పత్రి ఖర్చు మీద పడుతుంది. మీ పిల్లలకు పెట్టరనిపిస్తే పారేయడమే ధర్మం.

ఇది ఆకలికి శాశ్వతమైన మందు కాదు. పెళ్లిళ్లు మాఘంలో, ఫాల్గుణంలో, వైశాఖంలో. మూఢం వస్తే ఫంక్షన్ హాళ్లు ఖాళీ. ఆకలి మూఢం చూసుకోదు.

బడి, ఆశ్రమం

మధ్యాహ్న భోజనంలో చిన్న తరగతుల పిల్లలకు 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీన్, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 700 కేలరీలు, 20 గ్రాముల ప్రోటీన్ అందాలి. రెండు రాష్ట్రాల్లోనూ గుడ్డు కూడా ఉంది. ఇందులో దాతకు రెండు దారులున్నాయి. ఒకటి, 2000లో బెంగళూరులో మొదలైన అక్షయపాత్ర వంటి సంస్థకు ఇవ్వడం. పెద్ద వంటశాల, లెక్కాపత్రం పక్కా, ఏడాదికి ఒక బిడ్డ భోజనం ఖర్చు అని కట్టొచ్చు. వాళ్ల వంట సాత్వికం, గుడ్డు ఉండదు. రెండోది, తిథి భోజనం. మీ ఇంటి శుభకార్యం రోజున ఊరి బడిలో పిల్లలకు అదనంగా ఒక పదార్థం పెట్టడానికి పథకంలోనే వీలుంది.

నేను రెండోదానివైపే మొగ్గుతాను, ఒక షరతు మీద. బయట వండించి తేవద్దు. హెడ్మాస్టరును కలిసి, బడిలో వండే మహిళలతోనే వండించండి. పళ్లు, పల్లీ చిక్కీ, ఇంకో గుడ్డు, ఇవి చాలు. అన్నిటికంటే మంచిది బడి లేని రోజులు చూసుకోవడం. ఏప్రిల్ చివర బడి మూస్తే జూన్ దాకా ఆ భోజనం ఉండదు. ఆ నెలన్నరలో వాడలోని పిల్లలకు అంగన్‌వాడీ దగ్గరో, గ్రంథాలయం దగ్గరో రోజుకో గుడ్డు, గ్లాసు రాగిజావ పెట్టగలిగితే అది పుట్టినరోజు కేకుకంటే వంద రెట్లు విలువైన పని.

అనాథాశ్రమాల సంగతి క్లుప్తంగా చెప్తాను. ఆదివారం, పండగ రోజు దాతలు వరస కడతారు, ఒకే పూట ముగ్గురు బిర్యానీ తెస్తారు. బుధవారం ఎవరూ రారు. తేదీల పుస్తకం చూపించమని అడిగి ఖాళీ రోజు ఎంచుకోండి, లేదా నెల పాలు, కూరగాయల ఖర్చు కట్టండి. అక్కడి పిల్లల ఫొటోలు తీసి స్టేటస్‌లో పెట్టకండి. సంరక్షణలో ఉన్న పిల్లల వివరాలు బయటపెట్టడాన్ని బాలల న్యాయ చట్టమే ఒప్పుకోదు.

టీబీ రోగి ఇల్లు

పొయ్యి ఉన్న ఇళ్లలో నా మొదటి ఓటు దీనికే. అన్నదానం అనగానే ఎవరికీ గుర్తుకురాని చోటిది. టీబీకి మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. తిండి లేక బక్కచిక్కిన ఒంటికి ఆ మందులు ఆరు నెలలు మింగడం నరకం. వికారం, నీరసం, పనికి పోలేకపోవడం, కూలి ఆగిపోవడం, దాంతో ఇంకా తక్కువ తినడం. మధ్యలో మందు మానేసేవాళ్లలో చాలామంది కథ ఇదే.

జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 దాకా ఒక పెద్ద అధ్యయనం జరిగింది, ఫలితాలు 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. టీబీ రోగుల ఇళ్లలో మిగతావాళ్లకు నెలనెలా బియ్యం, పప్పు, విటమిన్ మాత్రలు ఇస్తే, ఆ ఇళ్లలో కొత్తగా టీబీ వచ్చేవాళ్లు 39 శాతం తగ్గారు. తిండే టీకాలా పనిచేసింది. రోగుల్లో మొదటి రెండు నెలల్లో బరువు పెరిగినవాళ్లకు చావు ముప్పు బాగా తగ్గింది.

2022 సెప్టెంబరులో మొదలైన నిక్షయ్ మిత్ర పథకం కింద ఎవరైనా ఒక రోగికి నెలనెలా పోషకాహార బుట్ట ఇవ్వొచ్చు. కనీసం ఆరు నెలలు. పెద్దవాళ్ల బుట్టలో మూడు కిలోల బియ్యం లేదా చిరుధాన్యాలు, కిలోన్నర పప్పు, పావు కిలో నూనె, కిలో పాలపొడి లేదా పల్లీలు ఉండాలి, వీలైతే 30 గుడ్లు. పాలపొడికి బదులు పల్లీలు తీసుకుంటే ఏడెనిమిది వందల్లో తేలుతుంది. ఆ లెక్కన పదివేలతో ఒక మనిషికి ఏడాది. ప్రభుత్వం రోగి ఖాతాలో వేసే నెలకు వెయ్యి రూపాయలు దీనికి వేరు. నిక్షయ్ వెబ్‌సైట్‌లో నమోదు చేసుకోవచ్చు. అంతకంటే సులువు, మీ మండలం ఆరోగ్య కేంద్రంలో టీబీ చూసే సిబ్బందిని కలవడం. రోగి ఒప్పుకుంటేనే వివరాలు ఇస్తారు. చాలా ఊళ్లలో ఈ జబ్బు సంగతి పక్కింటివాళ్లకు తెలియడం ఇష్టం ఉండదు, ముఖ్యంగా పెళ్లి కావాల్సిన అమ్మాయి ఉన్న ఇంట్లో. బుట్ట ఆశా కార్యకర్త ద్వారా పంపండి. మీరు వెళ్లినా మామూలు చుట్టంలా వెళ్లి రండి. బ్యానరు, ఫొటో వద్దేవద్దు.

డబ్బు లేదు, సమయం ఉంది

ఇలాంటివాళ్లు చేయగలిగింది డబ్బిచ్చేవాళ్లకంటే తక్కువేమీ కాదు. వేలిముద్ర పడక రేషన్ ఆగిన ముసలమ్మ, ఈకేవైసీ కాక పేరు తీసేసిన పిల్లాడు, పెళ్లయి వచ్చినా కార్డులో చేరని కోడలు ప్రతి వాడలో ఉంటారు. ఒక పేరు కార్డులో చేర్పిస్తే ఏడాదికి 60 కిలోల ధాన్యం, ప్రతి ఏడాదీ. ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలకు సొంతూరి కార్డుతోనే ఇక్కడి దుకాణంలో రేషన్ తీసుకునే హక్కుంది. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు అంటే అదే. చాలామంది బట్టీ కూలీలకు ఆ సంగతి తెలియదు, తెలిసినా భాష రాక డీలరు దగ్గర అడగలేరు. తోడు వెళ్లండి. డీలరు కాదంటే రేషన్ ఫిర్యాదుల నంబరు 1967కు ఫోన్ చేయండి.

ఇచ్చే ముందు చూసుకోవాల్సినవి

సంస్థకు ఇస్తుంటే స్వచ్ఛంద సంస్థల వివరాలుండే ప్రభుత్వ దర్పణ్ పోర్టల్‌లో నమోదు ఉందో లేదో, ఆడిట్ చేసిన లెక్కలు చూపిస్తారో లేదో అడగండి. 80జీ అని అందరం పిలిచే పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే వర్తిస్తుంది. నగదు రెండు వేలు దాటితే రాదు, బియ్యం పప్పుల రూపంలో ఇచ్చినదానికీ రాదు. రసీదు రాదని సరుకులు ఇవ్వడం మానకండి, అంతమాత్రం నష్టం భరించవచ్చు.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లది, ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నమోదు ఉన్న సంస్థకే, అదీ ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలో ఆ సంస్థకున్న ఖాతాకే పంపాలి. ఇది చూసుకోకుండా ఊళ్లోని చిన్న ట్రస్టుకు పంపితే చిక్కుల్లో పడేది ఆ ట్రస్టే.

నెలకు వెయ్యి ఇవ్వగలిగినవాళ్లు ఒక టీబీ రోగిని తీసుకోండి. ఏడాదికి ఒక్కసారి ఇరవై వేలు పెట్టేవాళ్లు దాన్ని ఒక పూటలో ఖర్చు చేయకుండా జిల్లా ఆస్పత్రి దగ్గర రాత్రి భోజనాలకో, మే నెలలో పిల్లల గుడ్లకో విడగొట్టండి. సంవత్సరీకం రోజునే పెట్టాలన్న నియమం ఉంటే ఆ రోజు మొదటి బుట్ట ఇవ్వండి, మిగతా పదకొండు నెలలూ అదే తేదీకి పంపండి. అపార్ట్‌మెంట్‌లో పదిమంది కలిసేట్టయితే ఒకరు డబ్బులు, ఒకరు సరుకులు, ఒకరు ఆశా కార్యకర్తతో మాట్లాడే పని పంచుకోండి. మొత్తం ఒకరి మీదే వేస్తే మూడో నెలకు ఆగిపోతుంది.